ప్రభుత్వ కొలువు, నల్లకోటు, కంపెనీ కుర్చీ: వీటిలో ఏది ముందు?

వంశధార (గుణుపురం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా నా చదువు తెలుగు మాధ్యమంలోనే సాగింది. క్లాట్ పీజీ (న్యాయశాస్త్రం పీజీ ప్రవేశ పరీక్ష) మార్కుల ఆధారంగా ఒక ప్రభుత్వ రంగ సంస్థ నుంచి లా ఆఫీసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. సరిగ్గా ఇదే సమయంలో బరంపురం కోర్టులో సివిల్ దావాలు చూసే ఒక సీనియర్ న్యాయవాది తన ఆఫీసులో జూనియర్‌గా చేరమన్నారు. మొదటిదానికి జీతం, క్వార్టర్సు ఉన్నాయి. రెండోదానిలో మొదటి కొన్నేళ్లు రానూపోనూ ఖర్చులు గిట్టుబాటైతే అదే పదివేలని ఆ సీనియర్ గారే చెప్పారు. మా నాన్నగారి మొగ్గు జీతం వైపు ఉందని వేరే చెప్పనక్కరలేదు.

నా ఆలోచన మాత్రం దీర్ఘకాలానికి సంబంధించినది. అమెరికాలో టోనీ వెస్ట్ అనే న్యాయవాది అక్కడి న్యాయశాఖలో మూడో స్థానానికి సమానమైన పదవి దాకా ఎదిగి, 2014లో పెప్సికోకు, 2017లో ఉబర్‌కు ముఖ్య న్యాయాధికారిగా వెళ్లారు. విలియం బార్ 1991 నుంచి 1993 దాకా అటార్నీ జనరల్‌గా ఉండి, తరవాత జీటీఈ, వెరిజాన్ సంస్థలలో 2008 దాకా న్యాయ విభాగాన్ని నడిపి, 2019లో మళ్లీ అటార్నీ జనరల్ అయ్యారు. ప్రభుత్వం నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి ప్రభుత్వానికి ఇలా నడిచే దారి మన దేశంలో ఉందా? ఉంటే, మన సరిహద్దు జిల్లాల నుంచి బయలుదేరేవారు ఏ మెట్టు ముందు ఎక్కాలి?

బరంపురం బారు

అమ్మా వంశధారా, నీ ప్రశ్నలో అసలు ముడి నువ్వు చెప్పిన అమెరికా ఉదాహరణలోనే ఉంది. అక్కడి న్యాయవాది కంపెనీలో జీతానికి చేరినా న్యాయవాదిగానే కొనసాగుతాడు. అతని లైసెన్సు ఎక్కడికీ పోదు. అందుకే బార్ అనే ఆయన అటు వెళ్లి ఇటు రాగలిగాడు. మన దగ్గర బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 49వ నియమం వేరే మాట చెబుతుంది: ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది వ్యక్తి దగ్గర గానీ, ప్రభుత్వం దగ్గర గానీ, సంస్థ దగ్గర గానీ పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉండకూడదు; చేరిన మరుక్షణం ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు మానుకోవాలి. పూర్వం ప్రభుత్వ లా ఆఫీసర్లకు ఇందులో ఒక మినహాయింపు ఉండేది. దానిని 2001లో తొలగించారు. ఆ సంవత్సరమే సతీశ్ కుమార్ శర్మ కేసులో, హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ ఒకరు తన నమోదును నిలబెట్టుకోవాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు.

దీని ఫలితం ఏమిటంటే, నువ్వు లా ఆఫీసర్‌గా గడిపే సంవత్సరాలు జీతం లెక్కలో పెరుగుతాయి గానీ న్యాయవాద అనుభవం లెక్కలో చేరవు. రాజ్యాంగంలోని 233(2) అధికరణం కింద జిల్లా జడ్జిగా నేరుగా ఎంపిక కావాలంటే న్యాయవాదులకు ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమితులు కావాలన్నా ఏడేళ్లే. జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌లో జ్యుడీషియల్ సభ్యత్వానికి న్యాయవాదులకు పదేళ్లు. ఇవన్నీ నల్లకోటుతో గడిచిన సంవత్సరాలనే అడుగుతాయి.

ప్రభుత్వ పక్షాన పనిచేయడం అంటే జీతం పుచ్చుకోవడమే కానక్కరలేదన్నది గుర్తుపెట్టుకో. గవర్నమెంటు ప్లీడరు (జీపీ), రైల్వే ప్యానెల్, బ్యాంకు ప్యానెల్, స్టాండింగ్ కౌన్సెల్ (ఒక సంస్థ కేసులను నిలకడగా చూసే న్యాయవాది) వంటివన్నీ వకాల్తా మీద నడిచే సంబంధాలే. జిల్లా ప్రభుత్వ న్యాయవాదిది సివిల్ ఉద్యోగం కాదని సుప్రీంకోర్టు 2004లో జోహ్రీ మల్ కేసులో స్పష్టం చేసింది. మన గంజాంలో కలెక్టరు ఛత్రపురంలో, జిల్లా జడ్జి బరంపురంలో ఉంటారు గనుక జీపీ గారి గుమాస్తా ఫైళ్లు మోసుకుని రెండూళ్ల మధ్య తిరగవలసిందే. కానీ ఆ ఫైళ్లలో ఐదారేళ్లు మునిగినవాడికి రెవెన్యూ యంత్రాంగం ఎలా ఆలోచిస్తుందో ఏ పుస్తకమూ చెప్పనంతగా తెలుస్తుంది. తరవాత కంపెనీలకు అవసరమయ్యేది ఆ తెలివే.

కాబట్టి నా సలహా: ముందు బారు, తరవాత ప్రభుత్వ ప్యానెల్, ఆ తరవాత కంపెనీ. ఈ వరస తిరగేస్తే వెనక్కి రావడం కష్టం.

నాగావళి (రాయగడ)

బారు గారి మీద గౌరవం ఉంది, కానీ కంపెనీ లోపలి పనిని ఆయన దూరం నుంచి చూస్తున్నారని నా అభిప్రాయం. నేను రాయగడ జిల్లాలోని ఒక కర్మాగారం న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. కోర్టులో వాదించడం మా పనిలో చిన్న భాగం. వ్యవహారం కోర్టు దాకా పోకుండా చూడటమే పెద్ద భాగం.

ఒక ఉదాహరణ చెబుతాను. మా జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారడానికి అధికారి అనుమతి కావలసి ఉండేది. 2002 సవరణ తరవాత ఆ మార్పిడి మొత్తానికే నిషిద్ధమైంది. 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం దీనిని సడలించాలని నిర్ణయించి, నిరసనలు రేగడంతో ఆపేసింది. ఇలాంటి చోట కర్మాగారానికి పక్కన నాలుగు ఎకరాలు కావాలని మేనేజరు అనగానే, ఆ భూమి పట్టా ఎవరి పేరున ఉంది, అంతకు ముందు ఎవరి పేరున ఉండేది, మధ్యలో జరిగిన అమ్మకానికి అనుమతి ఉందా లేదా అన్నది రికార్డు గదిలో కూర్చుని వెతికి, ఒప్పందం రాకముందే వద్దని చెప్పగలవాడు కావాలి. ఆంధ్రా నుంచి వచ్చే న్యాయవాదులు షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వరాదన్న 1997 నాటి సమత తీర్పును వల్లె వేస్తారు. అది ఆంధ్ర చట్టం మీద వచ్చిన తీర్పు. ఇక్కడ చదవవలసింది నియమగిరి కొండల్లో బాక్సైటు గని గురించి 2013 ఏప్రిల్ 18న వచ్చిన తీర్పు. గ్రామసభలను అడగమని సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామసభలు గని వద్దన్నాయి. శుద్ధి కర్మాగారం ముందు కట్టేసి, ఖనిజం సంగతి తరవాత చూసుకుందామనుకున్న సంస్థకు దాని న్యాయ విభాగం ఏం చెప్పిందో, చెబితే ఎవరు విన్నారో బయటివాళ్లకు తెలియదు. కానీ అటువంటి గదిలో, డబ్బు ఖర్చు కాకముందు నోరు విప్పగల స్థానంలో ఉండటమే నా దృష్టిలో కంపెనీ న్యాయవాది నాయకత్వం.

అయితే వంశధార గారికి ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 203వ సెక్షన్ ముఖ్య నిర్వహణాధికారులుగా మేనేజింగ్ డైరెక్టరును, కంపెనీ సెక్రటరీని, ఆర్థికాధికారిని పేర్కొంటుంది; న్యాయ విభాగాధిపతి ప్రస్తావన అందులో లేదు. చాలా సంస్థలలో లీగల్ హెడ్ బోర్డు గది గుమ్మం దగ్గర ఆగిపోవడానికి ఇది ఒక కారణం. అందుకే మాలో చాలామంది ఉద్యోగం చేస్తూనే కంపెనీ సెక్రటరీ పరీక్షలు రాస్తారు. ఆ అర్హత ఉంటే సమావేశంలో కుర్చీ చట్టమే వేస్తుంది.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

ఒక్క విషయం ఎవరూ ప్రస్తావించలేదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం అన్నారు కదా, ఒడియా సంగతి ఏమిటి? ఒడిశా జ్యుడీషియల్ సర్వీసుకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం తప్పనిసరి. మన పర్లాకిమిడి పిల్లలు ఎందరో చట్టంలో దిట్టలై ఉండి కూడా దరఖాస్తు దగ్గరే ఆగిపోయారు. ఫిర్యాదు, వాంగ్మూలం, తహసీల్దారు ఉత్తర్వు, గ్రామసభ తీర్మానం అన్నీ ఒడియాలోనే ఉంటాయి. కంపెనీకైనా, ప్రభుత్వానికైనా వీటిని అనువాదకుడి మీద ఆధారపడి చదివే న్యాయవాది సగం న్యాయవాదే.

అదీగాక, 2025 మే 20 నాటి తీర్పుతో సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. లా ఆఫీసర్‌గా చేరితే ఆ మూడేళ్లు కూడా కూడవు.

ప్రాణహిత (సిరోంచ)

మహారాష్ట్ర కొస నుంచి ఒక మాట. మాకు ఇంట్లో తెలుగు, కోర్టులో మరాఠీ. గడ్చిరోలి జిల్లాలో మహేంద్రగిరి గారు చెప్పిన పరిస్థితే, భాష పేరు మాత్రమే వేరు.

ప్రభుత్వ సేవ, కంపెనీ నాయకత్వం రెండూ చేసిన భారతీయ న్యాయవాది కావాలంటే అమెరికా దాకా పోనక్కరలేదు, నానీ పాల్కీవాలా ఉన్నారు. 1920లో బొంబాయిలో పుట్టారు. 1950లో జంషెడ్జీ కాంగాతో కలిసి ఆదాయపు పన్ను చట్టం మీద రాసిన గ్రంథంతో పేరు తెచ్చుకున్నారు. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసు, 1973లో కేశవానంద భారతి కేసు వాదించారు. టాటా సన్స్ డైరెక్టరుగా, ఏసీసీ, టీసీఎస్ సంస్థలకు ఛైర్మన్‌గా ఉన్నారు. 1977 నుంచి 1979 దాకా అమెరికాలో భారత రాయబారి. ఇన్ని పదవుల మధ్య న్యాయవాదిగా ఎలా నిలిచారంటే, బారు గారు చెప్పిన 49వ నియమానికి పక్కనే 48వ నియమం ఉంది. కార్యనిర్వాహక బాధ్యతలు లేనంత వరకు న్యాయవాది కంపెనీకి డైరెక్టరుగా, బోర్డు ఛైర్మన్‌గా కూడా ఉండవచ్చునని, మేనేజింగ్ డైరెక్టరుగా గానీ సెక్రటరీగా గానీ ఉండకూడదని అది చెబుతుంది. అంటే మన చట్టం న్యాయవాదిని కంపెనీలో అన్నిటికంటే పైమెట్టు మీద కూర్చోనిస్తుంది, మధ్య మెట్ల మీద మాత్రం నల్లకోటు విప్పమంటుంది. వింతగా ఉన్నా, వంశధార గారి ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నాకు తోస్తోంది.

ఇంకొకటి. 1975 జూన్‌లో ఎన్నికల అప్పీలులో ఇందిరా గాంధీ తరఫున వకాల్తా పుచ్చుకున్నది ఆయనే. అత్యయిక పరిస్థితి ప్రకటించగానే కేసు కాగితాలు తిరిగి ఇచ్చేశారు. జీతం మీద ఉన్న న్యాయాధికారికి అలా కాగితాలు తిరిగి ఇచ్చే వీలు ఉంటుందా?

నాగావళి (రాయగడ)

ఉండదు. రాజీనామా ఒక్కటే ఉంటుంది. కానీ ప్రాణహిత గారూ, పాల్కీవాలా దారిని గుణుపురం నుంచి బయలుదేరే అమ్మాయికి నమూనాగా చూపించడం న్యాయమేనా? బొంబాయి హైకోర్టు, టాటాల పరిచయం, ఆ కాలం వీటిలో ఏదీ ఆమె చేతిలో లేదు.

బరంపురం బారు

నమూనా కావాలంటే మన ఊళ్లోనే ఉంది. వి.వి. గిరి గారు 1894లో బరంపురంలోనే పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు కూడా ఇక్కడి న్యాయవాదే. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, 1916లో అక్కడి నుంచి పంపించివేస్తే తిరిగివచ్చి ఇక్కడే నల్లకోటు వేసుకున్నారు. తరవాత ఆయన కార్మిక సంఘాల వైపు వెళ్లారు గానీ కంపెనీల వైపు వెళ్లలేదు, కాబట్టి నాగావళి వారికి ఈ ఉదాహరణ నచ్చకపోవచ్చు. నేను చెప్పదలచింది 1954 సంగతి. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండగా బ్యాంకు ఉద్యోగుల వివాదంలో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును (అవార్డును) ప్రభుత్వం మార్చేసింది. ఆయన పదవి వదులుకున్నారు. పాల్కీవాలా కాగితాలు తిరిగి ఇచ్చారు, గిరి గారు కుర్చీ తిరిగి ఇచ్చారు. ఏదో ఒకటి తిరిగి ఇవ్వగల స్థోమత ఉన్నప్పుడే న్యాయవాది మాటకు కంపెనీలోనైనా సర్కారులోనైనా విలువ ఉంటుంది. ఆ స్థోమత ఎక్కడి నుంచి వస్తుంది? బయటికి వచ్చినా తన వకాల్తా మీద తాను బతకగలనన్న నమ్మకం నుంచి. కొన్నేళ్లయినా కోర్టులో నలగని వారికి ఆ నమ్మకం కుదరదు. జూనియర్‌గా ముందు చేరమనడానికి నా అసలు కారణం ఇదే, 233(2) లెక్క కాదు.

వంశధార (గుణుపురం)

అందరికీ కృతజ్ఞతలు. మహేంద్రగిరి గారూ, ఒడియా చదవడం, రాయడం బరంపురం వచ్చాక పట్టుదలగా నేర్చుకున్నాను. పాత దస్తావేజుల చేతిరాత చదవడమే ఇంకా కష్టంగా ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. ప్రభుత్వ రంగ సంస్థలో చేరితే అది ప్రభుత్వ సేవ కిందికి వస్తుందా, కంపెనీ అనుభవం కిందికి వస్తుందా? లోపలి న్యాయాధికారిగా నేను ఇచ్చే సలహాకు, బయటి న్యాయవాది ఇచ్చే సలహాకు ఉన్నంత గోప్యత ఉంటుందా?

జయపురం రిటైర్డు

కోరాపుట్ జిల్లాలో ఒక ప్రభుత్వ రంగ సంస్థ న్యాయ విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని కనుక ఈ రెండింటికీ నేను సమాధానం చెబుతాను.

మొదటిది: రెండూను, ఏదీ కాదు కూడాను. రాజ్యాంగం 12వ అధికరణం దృష్టిలో సంస్థ రాజ్యమే. దాని మీద రిట్ వేయవచ్చు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. కానీ అందులోని ఉద్యోగి సివిల్ సర్వెంటు కాడు. రోజువారీ పని కంపెనీ పనే: టెండర్లు, ఆర్బిట్రేషన్లు, కాంట్రాక్టు కార్మికుల కేసులు, భూసేకరణ పరిహారం. తేడా ఎక్కడ వస్తుందంటే రాజీ దగ్గర. ఒక కాంట్రాక్టరుతో వివాదంలో మనం ఓడిపోతామని స్పష్టంగా తెలిసినా, ఇప్పుడే కొంత ఇచ్చి తెగ్గొట్టుకుందామని నోటు రాయడానికి చెయ్యి ఆడదు. రేపు విజిలెన్సు వారు, ఆడిట్ వారు ఎందుకు ఇచ్చావని అడుగుతారు. అదే ట్రైబ్యునల్ ఆదేశిస్తే వడ్డీతో సహా చెల్లించినా ఎవరూ అడగరు. ప్రైవేటు సంస్థలో ఇదే నిర్ణయం ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. నేను చూసిన ప్రతిభావంతులైన యువ న్యాయాధికారులలో చాలామంది జీతం చాలక వెళ్లిపోలేదు, ఈ సంకటం భరించలేకే వెళ్లిపోయారు. మిగిలినవారికి మాత్రం ఒక విద్య అబ్బుతుంది. ప్రతి వాక్యాన్నీ పదేళ్ల తరవాత ఎవరో అనుమానంతో చదువుతారన్న ఎరుకతో రాయడం అలవాటవుతుంది. పెద్ద కంపెనీలు అటువంటివారిని వెతికి తీసుకుంటాయి.

రెండోది: 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు దీని మీద తేల్చి చెప్పింది. న్యాయవాదులకు దర్యాప్తు సంస్థలు సమన్లు పంపడం గురించి తనంతట తాను చేపట్టిన కేసులో, జీతం మీద పనిచేసే లోపలి న్యాయాధికారులు ప్రాక్టీసు చేసే న్యాయవాదులు కారు గనుక భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లోని గోప్యతా రక్షణ వారికి వర్తించదని, 134వ సెక్షన్ కింద పరిమితమైన రక్షణే ఉంటుందని అన్నది. కాబట్టి సున్నితమైన సలహాను బయటి న్యాయవాది చేత రాయించడం మంచిది.

బారు గారి వరసతో నాకు ఒక పేచీ ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు లా ఆఫీసర్ల నియామకానికి సాధారణంగా 28 లేదా 30 ఏళ్ల వయోపరిమితి పెడతాయి. ముందు ఏడేళ్లు కోర్టులో గడిపితే ఆ తలుపు మూసుకుపోతుంది.

బరంపురం బారు

మూసుకుపోతుంది, ఒప్పుకుంటాను. కానీ మూసుకుపోయేది ఆ ఒక్క తలుపే. ప్రైవేటు సంస్థలు నలభై ఏళ్ల న్యాయవాదిని కూడా లీగల్ హెడ్‌గా తీసుకుంటాయి. పదేళ్ల ప్రాక్టీసు ఉన్న న్యాయవాది పరీక్ష రాసి దివాలా వ్యవహారాల వృత్తినిపుణుడిగా నమోదైతే, ఒక కంపెనీ చిక్కుల్లో పడినప్పుడు దాని నిర్వహణ మొత్తం అతని చేతిలోకి వస్తుంది. కటక్‌లో కంపెనీ లా ట్రైబ్యునల్ బెంచి ఉంది కనుక ఈ పనికి కలకత్తా పోనక్కరలేదు.

నాగావళి (రాయగడ)

దివాలా పని గురించి బారు గారు చెప్పినది నిజమే. అయితే బ్యాలెన్సు షీటు చదవడం రాని న్యాయవాది అందులో దిగితే ఆయనే చిక్కుల్లో పడతారు. వంశధార గారు ఏ దారి ఎంచుకున్నా, లెక్కల పుస్తకం ఒకటి బల్ల మీద ఉంచుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. అటూ ఇటూ మారేవారికి విధేయత చిక్కులు వస్తాయి. ఒక పక్షానికి సలహా ఇచ్చినవారు, పత్రాలు రాసినవారు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన నిలబడకూడదని బార్ కౌన్సిల్ 33వ నియమం చెబుతుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ ఎ అధికారులు పదవీ విరమణ చేసిన ఏడాది లోపు అనుమతి లేకుండా ప్రైవేటు కొలువులో చేరకూడదు. అమెరికాలోనైతే తాను స్వయంగా చూసిన వ్యవహారంలో ఎదుటివారి తరఫున మళ్లీ ప్రభుత్వం ముందుకు రావడం శాశ్వతంగా నిషిద్ధం. మన చిన్న జిల్లాలలో నియమాల కంటే ముందు ఊరే లెక్క చూస్తుంది: నిన్న కలెక్టరు తరఫున భూమి కేసు నడిపిన జీపీ నేడు కంపెనీ కారులో దిగితే, రాయగడ సంతలో ఆ మాట సాయంత్రానికి తెలిసిపోతుంది.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

ప్రభుత్వ జీతం, కోర్టు అనుభవం రెండూ కావాలంటే ఇంకొక మార్గం ఉంది: అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా నియామకం జరుగుతుంది. జీతం మీద ఉన్నా, పని కోర్టులో వాదించడమే గనుక ఇటువంటివారు న్యాయవాదులుగానే లెక్కకు వస్తారని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాన్నగారికి కూడా ఇది నచ్చవచ్చు.

వంశధార (గుణుపురం)

మహేంద్రగిరి గారు చెప్పిన మార్గం నా ఆలోచనలోకే రాలేదు. నాన్నగారికి ఈ సాయంత్రమే చదివి వినిపిస్తాను. ఇంటర్వ్యూకు వెళతాను, కానీ ఫలితం ఏదైనా ముందు ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదు) చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. దానికి వేల రూపాయలు కట్టాలని సీనియర్లు భయపెడుతున్నారు. బారు గారూ, ఇప్పటికీ అంతేనా?

బరంపురం బారు

కాదమ్మా. 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 125 రూపాయలు, దానికి స్టాంపు డ్యూటీ, అంతకు మించి ఏ పేరుతోనూ వసూలు చేయకూడదు. దరఖాస్తు కటక్‌లోని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు పెట్టు. ఆలిండియా బార్ పరీక్షను నమోదైన రెండేళ్ల లోపు పాసవ్వాలి, వాయిదా వేయకు. ఒకవేళ లా ఆఫీసర్‌గానే చేరితే, చేరిన వెంటనే నమోదును తాత్కాలికంగా నిలిపివేయమని కౌన్సిల్‌కు ఉత్తరం రాసి, అందినట్లు ముద్ర వేయించుకున్న ప్రతిని భద్రం చేసుకో. ఆ కాగితం చేతిలో ఉంటే తిరిగి రావడానికి ఇబ్బంది ఉండదు. ఇక ఆ పాత దస్తావేజుల చేతిరాత సంగతి: శనివారం సాయంత్రాలు మా ఆఫీసుకు రా, మా గుమాస్తా గారు కరణాల రాత కళ్లు మూసుకుని చదువుతారు.